ముద్ర లేని పాటలు: కంట్రీ, సోల్ పాటలు కట్టినవాళ్లను ఎలా వినాలి?

మీరు అడిగింది ఇది: రే చార్లెస్, అరేథా ఫ్రాంక్లిన్, పెర్సీ స్లెడ్జ్ పాడిన సోల్ పాటలు (అమెరికా నల్లజాతి సంగీతం) కొన్నేళ్లుగా వింటున్నారు, ఈ మధ్యే కంట్రీ పాటలూ (అక్కడి పల్లెపట్టు తెల్లవాళ్ల సంగీతం) మొదలుపెట్టారు. పాడినవాళ్లు తెలుసు, రాసినవాళ్లు తెలియదు. అంతగా పేరు రాని రచయితల్లో ఎవరితో మొదలుపెట్టాలి, వాళ్ల పనితనాన్ని పాటలో ఎలా గుర్తుపట్టాలి? నేను ఇరవై ఎనిమిదేళ్లుగా ఈ రెండు రకాల రికార్డులూ సేకరిస్తున్నాను. అందులో తొమ్మిదేళ్లు ఉద్యోగరీత్యా మెంఫిస్‌లో గడిపాను. ఈ ప్రశ్న అడిగేవాళ్లు అరుదు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

ముందు ఒక మాట తేల్చుకోవాలి. సాంగ్‌రైటర్ అనగానే మనకు గీత రచయిత గుర్తొస్తాడు. మన సినిమాల్లో సాహిత్యం ఒకరిది, బాణీ మరొకరిది. మీరు చెప్పిన పాటల విషయంలో చాలాసార్లు మాటా బాణీ రెండూ ఒకే మనిషి చేతిలోనో, పక్కపక్కన కూర్చున్న ఇద్దరి చేతుల్లోనో పుట్టాయి. మన భాషలో అందుకు తగిన మాట వాగ్గేయకారుడు. అయితే ఒక తేడా ఉంది. క్షేత్రయ్య పదంలో మువ్వగోపాలుడు ఉంటాడు, త్యాగయ్య కీర్తనలో త్యాగరాజు పేరు ఉంటుంది. ఎవరు పాడినా, ఎన్నాళ్లకు పాడినా ఆ ముద్ర పాటను వదిలిపోదు. ఈ అమెరికా పాటల్లో అలాంటి ముద్ర లేదు. గొప్ప గొంతు పాడిందంటే పాట ఆ గొంతు సొత్తయిపోతుంది, కట్టినవాడు కనబడకుండా పోతాడు.

మా చిన్నప్పుడు రేడియోలో పాటకు ముందు రచయిత పేరు, సంగీత దర్శకుడి పేరు చెప్పేవారు. ఆ పేరు వినబడేదాకా మా నాన్నగారు ఇంట్లో ఎవరినీ మాట్లాడనిచ్చేవారు కాదు. అమెరికా వెళ్లాక నేను విన్న రేడియోలో గాయకుడి పేరు తప్ప మరొకటి వినబడలేదు. ఆ వెలితే నన్ను పాత రికార్డుల దుకాణాలకు తీసుకెళ్లింది.

మీకు వీలైతే ఒక పాత సింగిల్ రికార్డును చేతిలోకి తీసుకొని చూడండి. ఏడంగుళాల ప్లేటు, మధ్యలో గుండ్రటి కాగితం. దాని మీద కంపెనీ పేరు పెద్దగా, గాయకుడి పేరు స్పష్టంగా ఉంటాయి. పాట పేరు కింద బ్రాకెట్లలో, చీమ తలకాయంత అక్షరాల్లో, చాలాసార్లు ఇంటిపేర్లు మాత్రమే ఉంటాయి. ఓ పక్కన పాట హక్కులు చూసే పబ్లిషర్ పేరు, నిడివి. మెంఫిస్‌లో నేను తరచూ వెళ్లే దుకాణంలో ఒక పెద్దాయన ఉండేవారు. ఆయన రికార్డులను గాయకుల వారీగా కాకుండా ఈ బ్రాకెట్లలోని పేర్ల వారీగా పేర్చుకునేవారు. ఒకే డబ్బాలో నల్లజాతి సోల్ గాయకులు, నాష్‌విల్ కంట్రీ గాయకులు, ఇంగ్లండు రాక్ బృందాలు కలిసి ఉండేవి. ఎందుకని అడిగితే డబ్బాలోంచి నాలుగు రికార్డులు తీసి నా ముందు పరిచారు. నాలుగింటి మీదా ఒకటే పేరు. కంట్రీ, సోల్ అని వేర్వేరు అరల్లో అమ్మినవి చాలాచోట్ల ఒకే చేతి పనులని నాకు ఆ రోజు తెలిసింది. మీకూ ఆ దారే చూపిస్తాను.

సిండీ వాకర్‌తో మొదలుపెట్టండి. ‘యూ డోంట్ నో మీ’ని రే చార్లెస్ గొంతులోనే మీరు విని ఉంటారు. 1962లో ఆయన కంట్రీ పాటలతో చేసిన ఆల్బమ్‌లోది, సింగిల్‌గా అమెరికా హిట్ పాటల జాబితాలో రెండో స్థానం దాకా వెళ్లింది. అది రే చార్లెస్ సొంత గోడు అనుకునేవాళ్లు ఎంతోమంది. కట్టింది టెక్సస్ పల్లెపట్టులో 1917లో పుట్టిన సిండీ వాకర్. పాట పేరు, కథ తాలూకు ఆలోచన కంట్రీ గాయకుడు ఎడ్డీ ఆర్నాల్డ్ ఇచ్చాడు, అందుకే బ్రాకెట్లలో ఆయన పేరూ ఉంటుంది. ముందుగా పాడింది కూడా ఆయనే, ఆ రికార్డు 1956లో వచ్చింది.

ఆమె వృత్తిలోకి వచ్చిన తీరు చెప్పకుండా ఉండలేను. 1940లో తండ్రి పని మీద లాస్ ఏంజెలెస్ వెళుతుంటే తల్లితో పాటు ఆమే కారులో వెళ్లింది. సన్‌సెట్ బులెవార్డ్‌లో బింగ్ క్రాస్బీ సంస్థ భవనం కనబడగానే కారు ఆపించి, పాట చేత్తో పట్టుకొని లోపలికి నడిచింది. అక్కడ క్రాస్బీ అన్న ల్యారీ విన్నాడు. ఆ తర్వాత క్రాస్బీ విన్నాడు, రికార్డు చేశాడు. అప్పటికి ఆమెకు నిండా పాతికేళ్లు లేవు. దేశంలోకెల్లా పెద్ద గాయకుడి తలుపు తట్టడానికి ఆమె దగ్గర ఉన్నదల్లా పాట మీద నమ్మకమే. 1954లో టెక్సస్‌కు తిరిగొచ్చి, మెక్సియా అని రాసి మహేయా అని పలికే చిన్న ఊళ్లో తల్లితో కలిసి బతికింది. గులాబీ రంగు అలంకరణ ఉన్న టైపురైటర్ మీద మాటలు రాసేది, తల్లి పియానో దగ్గర కూర్చొని బాణీకి సాయం చేసేది. ఏటా కొన్ని నెలలు ఇద్దరూ నాష్‌విల్‌లో మకాం పెట్టి గాయకులకు, నిర్మాతలకు పాటలు వినిపించేవారు. రాయ్ ఆర్బిసన్ ‘డ్రీమ్ బేబీ’ ఆమెదే. జిమ్ రీవ్స్ పాడగా 1966లో బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్లిన ‘డిస్టంట్ డ్రమ్స్’ కూడా ఆమెదే. బాబ్ విల్స్ బృందానికి యాభైకి పైగా పాటలు రాసింది. కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్ 1997లో ఆమెను చేర్చుకుంది.

ఇప్పుడు ఆ పాట పనితనం చూడండి. ఒక మనిషి మరొకరిని ప్రేమిస్తాడు, చెప్పలేడు. ఎదుటి మనిషికి అతను స్నేహితుడు మాత్రమే. ఇంతే కథ. సిండీ వాకర్ దీన్ని కన్నీళ్లతో, వెన్నెలతో మొదలుపెట్టలేదు. చేయి కలపడం, పలకరించడం, ఈ రెండింటితో ఎత్తుకుంది. రోజూ జరిగే మర్యాద. ఆ మర్యాద లోపల ఒకడి గుండె కొట్టుకుంటోందని మనకు తెలుస్తుంది, చేయి కలిపిన మనిషికి తెలియదు. పాటంతా ఆ ఎడంలోనే నడుస్తుంది. మాటలు కూడా చూడండి, దాదాపు అన్నీ ఒక్క అక్షరం పలికేంత చిన్నవి. చదువు అవసరం లేనివి. అంత చిన్న మాటలు కావడం వల్లే ఎడ్డీ ఆర్నాల్డ్ నెమ్మదిగా చదువుతున్నట్టు పాడినా అవి నిలబడ్డాయి, రే చార్లెస్ ఒక్కో మాటను సాగదీసి, ఆలస్యం చేసి, విరిచి పాడినా నిలబడ్డాయి. బరువైన మాటలైతే ఆ సాగదీతకు చెదిరిపోయేవి. గాయకుడికి చోటు వదలడం రచయిత నేర్పు. నేను ఈ రచయితల్లో మొదట వెతికేది దాన్నే.

అక్కడి నుంచి అలబామా వెళదాం. టెనసీ నది ఒడ్డున ఫ్లోరెన్స్, షెఫీల్డ్, టస్కంబియా, మజిల్ షోల్స్ అని ఒకదాన్నొకటి ఆనుకొని ఉన్న చిన్న ఊళ్లు. 1950ల చివర ఫ్లోరెన్స్‌లో ఒక మందుల దుకాణం పైగదిలో కొందరు కుర్రాళ్లు పాటల వ్యాపారం మొదలుపెట్టారు. ఫేమ్ స్టూడియో పుట్టుక అదే. ఆ గుంపులోకి వచ్చినవాళ్లలో ఇద్దరిని మీరు తప్పక తెలుసుకోవాలి. ఒకరు డ్యాన్ పెన్, మరొకరు ఆర్థర్ అలెగ్జాండర్. ఒకరు తెల్లవారు, ఒకరు నల్లవారు. నల్లవారికీ తెల్లవారికీ బడులు వేరు, భోజనశాలల్లో బల్లలు వేరు అయిన అలబామా అది. తెల్ల కుర్రాడు పెన్ రాత్రిళ్లు నాష్‌విల్ నుంచి వినబడే డబ్ల్యూఎల్ఏసీ స్టేషనులో నల్లజాతి గాయకులను వింటూ పెరిగాడు. నల్ల కుర్రాడు అలెగ్జాండర్ కంట్రీ పాటలంటే చెవికోసుకునేవాడు. ఎవరికి ఏ పాట అని సమాజం గీసిన గీతను ఇద్దరూ దాటారు.

పెన్ రాసినవాటిలో ‘ది డార్క్ ఎండ్ ఆఫ్ ద స్ట్రీట్’ వినండి. 1966లో నాష్‌విల్‌లో రేడియో వ్యాఖ్యాతల సమావేశం జరుగుతోంది. పెన్, మెంఫిస్ నిర్మాత చిప్స్ మోమన్ పేకాట మధ్యలో విరామం తీసుకొని పాట రాయాలనుకున్నారు. గోల్డ్‌వాక్స్ అనే చిన్న మెంఫిస్ కంపెనీ నడిపే క్వింటన్ క్లాంచ్‌ను ఆయన హోటల్ గది ఇమ్మని అడిగారు. రాసిన పాట తన గాయకుడు జేమ్స్ కార్‌కు ఇవ్వాలన్న షరతు మీద ఆయన ఇచ్చాడు. అరగంటలో పాట పూర్తయింది. దొంగచాటు ప్రేమ మీద ఇంతవరకూ ఎవరూ రాయనంత మంచి పాట రాయాలన్నది ఇద్దరి పట్టుదల. జేమ్స్ కార్ రికార్డు 1967లో వచ్చింది.

ఆ పాటలో ఎవరి పెళ్లి, ఎవరి ఇల్లు, ఎలా కలిశారు అన్నవేవీ ఉండవు. ఒక వీధి, దాని చీకటి చివర, అక్కడ కలుసుకునే ఇద్దరు. ఎప్పటికైనా దొరికిపోతామని వాళ్లకు తెలుసు. తప్పు చేస్తున్నామనీ తెలుసు. పగటిపూట ఊళ్లో ఎదురుపడితే తెలియనట్టు నడిచిపొమ్మని ఒకరు మరొకరిని కోరే చోట నాకు ఇప్పటికీ ఊపిరి ఆడదు. తీర్పు చెప్పలేదు, సమర్థించలేదు. చోటును చూపించి ఊరుకున్నారు. 1968లో పోర్టర్ వ్యాగనర్, డాలీ పార్టన్ ఇద్దరూ కలిసి దీన్ని కంట్రీ యుగళగీతంగా పాడారు. ఆ మరుసటేడు ఫ్లయింగ్ బరిటో బ్రదర్స్ రాక్ బృందం పాడింది. జేమ్స్ కార్ పాడితే అది పశ్చాత్తాపం, పోర్టర్, డాలీ పాడితే ఇద్దరి మధ్య రహస్య సంభాషణ. మూడు రకాల సంగీతాల్లోనూ ఒక్క మాట పొల్లు పోలేదు.

ఈ జంటే రాసిన మరో పాట ‘డూ రైట్ వుమన్, డూ రైట్ మ్యాన్’. 1967 జనవరిలో అరేథా ఫ్రాంక్లిన్ రికార్డింగుకు ఫేమ్ స్టూడియోకు వచ్చినప్పుడు ఈ పాట ఇంకా పూర్తి కాలేదు. మధ్య చరణం దగ్గర ఆగిపోతే నిర్మాత జెర్రీ వెక్స్‌లర్ ఒక మాట, అరేథా దానికి జవాబుగా ఒక మాట అందించారని పెన్ చెప్పాడు. ఆ రాత్రి గొడవలతో రికార్డింగు చెదిరిపోయింది. పాటను న్యూయార్క్‌లో పూర్తిచేసి, ‘ఐ నెవర్ లవ్డ్ ఎ మ్యాన్’ సింగిల్‌కు వెనుక వైపు వేశారు. ముందు వైపు పాటకు కీబోర్డు మీద ఎత్తుకున్నది స్పూనర్ ఓల్డ్‌హామ్. పెన్‌తో కలిసి ‘ఐయామ్ యువర్ పపెట్’, ‘క్రై లైక్ ఎ బేబీ’ రాసినవాడు ఆయనే. ఆ కీబోర్డు మెట్టు లేకుండా ఆ పాటను ఊహించలేం, కానీ ఆయన పేరు ఆ పాట బ్రాకెట్లలో లేదు. వాయించి సృష్టించినదానికి రచన కింద లెక్క కట్టరు. ఇది నాకు ఎప్పుడూ అన్యాయంగానే తోస్తుంది.

ఇక ఆర్థర్ అలెగ్జాండర్. షెఫీల్డ్‌లో హోటల్‌లో సామాన్లు మోసే పని చేస్తూ పాటలు కట్టేవాడు. 1961లో ఫేమ్ నడిపే రిక్ హాల్ ఆయన చేత ‘యూ బెటర్ మూవ్ ఆన్’ రికార్డు చేయించాడు. మజిల్ షోల్స్ నుంచి దేశమంతా విన్న మొదటి పాట అదే. దాని మీద వచ్చిన డబ్బు ఫేమ్ కొత్త భవనం కట్టడానికి ఉపయోగపడింది. అంటే తర్వాత అక్కడ పాడిన విల్సన్ పికెట్, అరేథాల రికార్డులన్నీ ఆ హోటల్ కుర్రాడి పాట వేసిన పునాది మీద నిలిచాయి. బీటిల్స్ 1963లో తమ మొదటి ఆల్బమ్‌లో ఆయన ‘ఆనా’ పాడారు. రోలింగ్ స్టోన్స్ 1964లో ‘యూ బెటర్ మూవ్ ఆన్’ పాడారు. బాబ్ డిలన్ 1988లో ‘సాలీ సూ బ్రౌన్’ పాడాడు. ఈ ముగ్గురూ రికార్డు చేసిన పాటల రచయిత అన్న గౌరవం ఎంతమందికి ఉంటుంది?

‘ఆనా’ను ఇంగ్లండు కుర్రాళ్ల గొంతులో విని ఊరుకోకండి. అలెగ్జాండర్ స్వయంగా పాడింది వినండి. ప్రియురాలు వేరొకరిని కోరుకుంటోంది. ఉంగరం తిరిగి ఇచ్చేసి వెళ్లిపొమ్మంటాడు. అరవడు, నిందించడు. గొంతు ఎక్కడా పెద్దగా లేవదు. సోల్ అంటే గొంతు చించుకోవడం అనుకునేవాళ్లకు ఆయన గొప్ప జవాబు. దుఃఖాన్ని మర్యాదగా, తలదించుకొని, నిలబడి చెప్పడం ఆయనకు కంట్రీ పాటల నుంచి అబ్బింది.

1972లో ఆయన ఒక పాట పాడాడు: ‘బర్నింగ్ లవ్’. అదే ఏడు ఎల్విస్ ప్రెస్లీ పాడాక ఆ పాట ఎల్విస్‌ది అయిపోయింది. రాసింది డెనిస్ లిండే. మనుషుల్లోకి పెద్దగా రాకుండా పాతికేళ్లకు పైగా పాటలు ఇస్తూ పోయిన మనిషి. 2000లో అమెరికాను ఊపేసిన ‘గుడ్‌బై ఎర్ల్’ కూడా ఆయనదేనని తెలిసినప్పుడు నేను లేబుల్‌ను రెండుసార్లు చదువుకున్నాను.

కంట్రీ నుంచి సోల్‌కు, సోల్ నుంచి కంట్రీకి పాటలు దాటిన తీరుకు మరో రెండు చెబుతాను. హార్లన్ హోవర్డ్ రాసిన ‘ద చోకిన్ కైండ్’ను వేలన్ జెనింగ్స్ 1967లో కంట్రీగా పాడితే, 1969లో జో సైమన్ పాడినది నల్లజాతి సంగీత జాబితాలో మొదటి స్థానానికి వెళ్లింది. తిరుగు దారిలో ‘ఇఫ్ లవింగ్ యూ ఈజ్ రాంగ్’. మెంఫిస్‌లో స్టాక్స్ కంపెనీకి రాసే హోమర్ బ్యాంక్స్, కార్ల్ హాంప్టన్, రేమండ్ జాక్సన్‌ల పాట. లూథర్ ఇంగ్రమ్ 1972లో పాడాడు, బార్బరా మాండ్రెల్ 1979లో కంట్రీ జాబితాలో దాన్ని మొదటి స్థానంలో నిలిపింది. ఈ హోమర్ బ్యాంక్స్ స్టాక్స్ స్టూడియోను ఆనుకొని ఉన్న రికార్డుల దుకాణంలో పనిచేసిన మనిషి. జనం ఏ రికార్డు అడుగుతున్నారో, ఏది విని పక్కన పెడుతున్నారో కళ్లారా చూశాడు. ఆయనతో కలిసి రాసిన బెటీ క్రచర్ పేరు కూడా గుర్తుపెట్టుకోండి. మగవాళ్లే నిండిన స్టాక్స్ రచయితల గదిలో ఆమె ఉంది. 1968లో జానీ టేలర్ పాడిన ‘హూజ్ మేకింగ్ లవ్’ బ్రాకెట్లలో ఆమె పేరు కనిపిస్తుంది.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను, ఇది తెలియకపోతే బ్రాకెట్లలోని పేర్ల విలువ అర్థం కాదు. 1909 నాటి అమెరికా చట్టం ప్రకారం అమ్మిన ప్రతి రికార్డుకూ పాటకు రెండు సెంట్లు. 1978 దాకా ఆ రేటు మారలేదు. అందులో మామూలుగా సగం పబ్లిషర్‌ది. ఇద్దరు రచయితలుంటే మిగిలిన సెంటును చెరిసగం పంచుకోవాలి. లక్ష రికార్డులు అమ్ముడైతే ఒక్కొక్కరికి అయిదు వందల డాలర్లు. రికార్డు వెనుక వైపున్న పాటకూ అదే రేటు, కాబట్టి ముందు వైపు పాట ఊళ్లు ఏలుతుంటే వెనుక వైపు రచయితకూ బియ్యం దొరికేవి. అమెరికా రేడియోలో పాట వేస్తే రచయితకూ పబ్లిషర్‌కూ డబ్బు వస్తుంది, పాడినవారికి రాదు. అందుకే బ్రాకెట్లలో చోటు కోసం అంత పెనుగులాట.

ఆ పెనుగులాటలో మోసాలూ జరిగాయి. హ్యూస్టన్‌లో డాన్ రోబీ అనే కంపెనీ యజమాని డెడ్రిక్ మలోన్ అనే మారుపేరు పెట్టుకున్నాడు. బాబీ బ్లాండ్ రికార్డుల మీద ఆ పేరు పదేపదే కనబడుతుంది. రచయితల దగ్గర పాటలు చవకగా కొని ఆ పేరుతో నమోదు చేసుకునేవాడు. అలా అమ్ముకున్నవాళ్లలో జో మెడ్విక్ ఒకడు. దానికి పూర్తి భిన్నంగా పెర్సీ స్లెడ్జ్ ఉన్నాడు. ‘వెన్ ఎ మ్యాన్ లవ్స్ ఎ వుమన్’ బాణీ తనదేనని చెప్పుకున్నా, రచన పేరు తన బృందంలోని కాల్విన్ లూయిస్, ఆండ్రూ రైట్‌లకు వదిలేశాడు. బ్రాకెట్లను చదవండి, అలాగని గుడ్డిగా నమ్మకండి.

ఇక వినే పద్ధతి. మీకు ఇష్టమైన ఒక పాట తీసుకోండి. పాటల రచయితలకు రావలసిన డబ్బు వసూలు చేసే బీఎంఐ, ఆస్కాప్ సంస్థలు కలిసి మొదలుపెట్టిన సాంగ్‌వ్యూ అనే జాబితా ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులో పాట పేరు కొడితే రచయితలెవరో తెలుస్తుంది. ఒకే పేరుతో ఎన్నో పాటలుంటాయి కాబట్టి గాయకుడి పేరుతో సరిచూసుకోండి. తర్వాత ఆ రచయిత ఇంకేం రాశాడో చూసి, ఒకే పాటను ఒక కంట్రీ గొంతులో, ఒక సోల్ గొంతులో వరసగా వినండి. ఇద్దరు గాయకులూ మార్చినవాటిని పక్కన పెట్టి, ఇద్దరూ ముట్టుకోనివాటిని గమనించండి. కట్టినవాడు ఉన్నది ఆ ముట్టుకోని చోటే. ఆ తర్వాత రచయిత గొంతులో వినండి. పెన్ ఫేమ్‌లో కుర్రతనంలో పాడిన నమూనా రికార్డింగులు 2012లో ఒక సంపుటిగా వచ్చాయి. పెన్, ఓల్డ్‌హామ్ ఇద్దరే వేదిక మీద కూర్చొని పాడిన ఆల్బమ్ కూడా ఉంది. అందులో హంగులేవీ లేవు, పాట ఎముకలు కనబడతాయి. సిండీ వాకర్ పాటలతో విల్లీ నెల్సన్ చేసిన ఆల్బమ్ 2006 మార్చిలో వచ్చింది. అది వచ్చిన కొద్ది రోజులకే ఆమె కన్నుమూసింది.

ఆర్థర్ అలెగ్జాండర్ చివరి ఆల్బమ్‌ను మాత్రం మిగతావన్నీ విన్నాక వినండి. 1980లలో ఆయన సంగీతం వదిలేసి క్లీవ్‌లాండ్‌లో ఒక సామాజిక సేవా సంస్థకు బస్సు నడిపాడు. బీటిల్స్ పాడిన పాట రాసినవాడు నడుపుతున్నాడని ఆ బస్సెక్కిన ఎంతమందికి తెలుసో! 1993లో నాష్‌విల్‌కు తిరిగొచ్చి ‘లోన్‌లీ జస్ట్ లైక్ మీ’ ఆల్బమ్ చేశాడు. అందులో ఆయన పక్కన పెన్, ఓల్డ్‌హామ్, డానీ ఫ్రిట్స్ ఉన్నారు, అలబామా ఊళ్లలో కుర్రతనం నుంచి తెలిసిన స్నేహితులే. గొంతు ముప్పై ఏళ్ల క్రితం ఎలా ఉందో అలాగే ఉంది, తొందర లేదు, ఫిర్యాదు లేదు. ఆ జూన్‌లోనే ఆయన పోయాడు. అప్పటికి యాభై మూడేళ్లు.